మిలిటరీ వాడికి పిల్లనివ్వని మా ఊరు

మా చిన్నతనంలో అగ్గిపెట్టెను కూడా దాచుకొని వాడేవాళ్లు... పొద్దున పొయ్యి ఆరిపోయి ఉంటే, ఒక పిడక పట్టుకొని పక్కింటికి పోయి, దాని మీద నిప్పు పెట్టించుకొని ఊదుకుంటూ వచ్చేవాళ్లం. శంషాబాద్ పక్కన చిన్న ఊరు మాది. ఇప్పుడు విమానాలు దిగే చోట అప్పుడు మా జొన్న చేలు ఉండేవి.

నిప్పు అడిగితే ఎవరూ లేదనరు... పగవాళ్లకైనా ఇస్తారు. అలాంటిది మా నాయినమ్మ ఒక ఇంటికి నిప్పు బంద్ చేసింది.

మా చిన్నాయిన సాయిలు మిలిటరీలో ఉండేవాడు. సెలవు మీద వస్తే నల్ల ట్రంకు పెట్టె, అందులో గరుకు కంబళి, మా పిల్లలకు గుప్పెడు గుప్పెడు కిస్‌మిస్‌లు... మేము ఆయన బూట్ల చప్పుడు వెనకాలే తిరిగేవాళ్లం. పెద్దవాళ్ల చూపు వేరే ఉండేది. తిననీకి లేనివాడో, ఇంట్లో కొట్లాడుకున్నవాడో పోతాడు మిలిటరీకి అనుకునేవాళ్లు.

కందుకూరు దిక్కు నుంచి చిన్నాయినకు ఒక సంబంధం వచ్చింది. వాళ్లకు పిల్లవాడు నచ్చాడు. పోతూ పోతూ ఎదురింటి ఎంకమ్మ దగ్గర మంచినీళ్లు తాగారు. అంతే... మళ్లీ మా గడప తొక్కలేదు.

"మిలిటరోడు... ఇయ్యాల ఉంటడు, రేపుండడు. మీ పిల్ల బొట్టు, మీ ఇష్టం" అన్నదట ఎంకమ్మ.

నాయినమ్మ ఏడవలేదు. తిట్టలేదు. తెల్లారి ఎంకమ్మ పిడక పట్టుకొని వస్తే వాకిట్లోనే ఆపింది.

"మిలిటరోని ఇంటి నిప్పు గిది. ఇయ్యాల ఉంటది, రేపుండదు. నీకెందుకు లే" అన్నది.

మా వాడకట్టంతా మా వాళ్లే. అందరి దగ్గరా మాట తీసుకుంది. ఆ వానాకాలమంతా ఎంకమ్మ అవతలి వాడకు పోయి, నిప్పు మీద చేట అడ్డం పెట్టుకొని, తాను తడుస్తూ వచ్చేది. సగం దారిలో ఆరిపోతే మళ్లీ వెనక్కి... నాయినమ్మ అరుగు మీద కూర్చొని చూసేది.

ఆ యేడే రేడియోలో బార్డర్లో గడబిడ అని చెప్పారు. ఊరంతా పరేషాన్. బాంబులు మన దాకా వస్తాయా అని అందరూ మా ఇంటికే వచ్చారు, మిలిటరీ వాడి ఇల్లు కదా, మాకు తెలుస్తుందని. ఎంకమ్మ కూడా వచ్చి దూరంగా నిలబడి అదే మాట అడిగింది. నాయినమ్మ చింతపండులో గింజలు తీస్తున్నది, తల కూడా ఎత్తలేదు.

"వస్తే ఆపనీకి పోయిండు గదా... రేపుండనోడు" అన్నది.

చిన్నాయిన క్షేమంగా తిరిగి వచ్చాడు. వేరే పిల్లను చేసుకున్నాడు. అయినా నాయినమ్మ కన్ను మూసేదాకా ఆ ఇంటికి నిప్పు ఇవ్వలేదు. ఇంత పగ ఎందుకే ముసలిదానా అని మా బాపు అనేవాడు. ఎందుకో నాకు ఇప్పుడు తెలుసు...

నా కొడుకు శ్రీకాంత్ ఆ చిన్నాయిన ముచ్చట్లు విని పెరిగాడు. వాడూ మిలిటరీకే పోతానన్నాడు. అప్పటికి మా ఊళ్లో మిగిలిన చేలన్నీ ప్లాట్లయ్యాయి. వరుసకు నాకు అన్న అయ్యే జంగయ్య ఆ ప్లాట్లు అమ్మే పని చేస్తాడు. తన బిడ్డను మావాడికే ఇస్తానని ఎన్నో ఏండ్ల నుంచి అంటూ ఉండేవాడు.

"యూనిఫాం మీద గంత మోజుంటే ఎయిర్‌పోర్టు గేటు కాడ నిలబడుమను చెల్లె... పొద్దుమీకి ఇంటికన్న వస్తడు" అని నవ్వాడు.

మావాడు వినలేదు, పోయాడు. జంగయ్య సంబంధం వద్దన్నాడు. బార్డర్లో ఉన్నవాడికి పిల్లనిచ్చి రోజూ టీవీ ముందర వణకాలా అన్నాడు. అది నేను తప్పు పట్టలేదు... ఆడపిల్ల తండ్రికి భయం ఉంటుంది.

నా కొడుకు బార్డర్లోనే పోయాడు. అవతలి నుంచి వచ్చిన తూటా... మా జొన్న చేలు ఉన్న చోటే విమానం దిగింది, పెట్టెలో వచ్చాడు.

కాల్చినవాడి పేరు నాకు తెలియదు. తెలిస్తే పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ పేరు పెట్టి శపించేదాన్ని. వాడి తల్లి కూడా నాలాగే నేల మీద పడి కొట్టుకోవాలి అనేదాన్ని. ఎవరేమన్నా అనుకోండి... పేరు తెలియని పగ ఎవరి మీద తీర్చుకోవాలి?

పేరు తెలిసినవాడు ఒకడు దొరికాడు.

దినాల నాడు రోడ్డు మలుపులో జంగయ్య పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఆయన మొఖం పెద్దగా, నా కొడుకు మొఖం మూలకు చిన్నగా... "మా అల్లుడు వీరుడు" అని రాయించాడు. టీవీ వాళ్లు వస్తే, కాబోయే మామను నేనే అని ఏడ్చాడట.

నడుచుకుంటూ అక్కడికే పోయాను.

"అన్నా, నా కొడుకు నీకు అల్లుడెప్పుడైండు?"

"చెల్లె, జనం చూస్తున్నరు... గిప్పుడెందుకు గవన్నీ."

"చూడనీ. బతికున్ననాడు నీ బిడ్డకు పనికిరానోడు, సచ్చినంక పనికొచ్చిండా? ఎక్కు. నువ్వే దించు. వేరేటోని చెయ్యి పడనియ్య."

పనివాళ్లు ముందుకొచ్చారు, వద్దన్నాను. తెల్ల బట్టలతో జంగయ్యే నిచ్చెన ఎక్కి, తాళ్లు ఒక్కొక్కటీ విప్పాడు. కింద అందరూ ఫోన్లలో తీశారు... తీయనిచ్చాను.

కడుపు చల్లబడుతుంది అనుకున్నాను. చల్లబడలేదు. అయినా మళ్లీ కడితే మళ్లీ దింపిస్తాను.

ఎంకమ్మ కాలంలో మిలిటరీ వాణ్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు, అది అందరికీ కనబడేది... ఇప్పుడు ఫోన్లలో జెండాలు పెడతారు, యుద్ధం చేయాలి, ఎవర్నీ వదలొద్దు అని రాస్తారు. వాళ్ల ఇంట్లో నుంచి మాత్రం ఒక్కడూ పోడు.

మీ ఊళ్లలో అప్పుడు ఎట్లా ఉండేదో, ఇప్పుడు ఎట్లా ఉందో మీరూ చెప్పండి... కింద దండం బొమ్మలు మాత్రం పెట్టకండి. మిలిటరీ వాడికి మీ బిడ్డను ఇస్తారా, మీ కొడుకును పంపుతారా... అదొక్కటి రాయండి. నేను అన్నీ చదువుతాను.