ఆయన నమ్మిన ముక్కు

పదిహేనేళ్ళ పైనుంచి ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. పేర్లు వద్దన్నాను. నేను చేసింది మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాను.

మాది రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. మా ఆయన అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఒకసారి పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆయనకి వాసన తెలియడం పోయింది. పాలు మాడినా, పక్కన మల్లెపూలు పెట్టినా ఒకటే. అప్పటినుంచి ఆయన ముక్కు నేనే. కూర పాడైందా, చొక్కా ఇంకో పూట వేసుకోవచ్చా, అన్నీ నన్నే అడిగేవారు. నేను ఏదంటే అదే.

ఫోర్‌మన్ సాబ్ ఒకాయన రిటైరై వెళ్తూ తను వాడుకునే ఫారిన్ సెంటు సీసా మా ఆయనకి ఇచ్చారు. లావెండర్ పువ్వుకి పునుగు పిల్లి వాసన కలిపి చేస్తారట. మెడకి రాసుకొచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఎలాగుందే?"

"ఛీ, ఇంట్లోకి పిల్లి దూరినట్టుంది."

"అరగంట ఆగమన్నారు సాబు. ముందు కరుస్తుందంట, తర్వాత మచ్చికవుద్దంట. అచ్చం నీలాగే."

నవ్వాను. అరగంట ఆగాను. పిల్లి ఎటో పోయింది. అప్పుడే గడ్డం గీసుకున్న చెంప, ఎండిన గడ్డి, వాటి అడుగున వెచ్చటి మనిషి ఒళ్ళు. నాకు అంతకన్నా చెప్పడం రాదు. బాగుందన్నాను. ఆ మాట మీద ఆయన ప్రతి ఆదివారం ఆ సెంటు రాసుకుని గుడికి, అదే మా చర్చికి, వచ్చేవారు. పాటల బృందంలో ముందు వరసలో నిలబడేవారు.

ఆ బృందాన్ని నడిపేది ఒక నర్సమ్మ. కాకినాడ వైపు మనిషి. ఒక ఆదివారం అందరిలో అంది, "ఈయన పక్కన నిలబడితే పాట దానంతటదే వచ్చేస్తందండీ, అంత మంచి వాసన!" అందరూ నవ్వారు. ఆయన చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు. నా మాటకి ఎప్పుడూ అలా సిగ్గుపడలేదు. నా చేతులకి ఆ పూట చేపల వాసన ఉంది. ఎందుకు గుర్తుందో తెలియదు, అది గుర్తుంది.

తర్వాతి ఆదివారం సెంటు రాసుకుని మళ్ళీ అడిగారు. ఎలాగుందే అని. అప్పుడు అన్నాను.

"ఇన్నాళ్ళూ బాధపడతారని చెప్పలేదు. సెంటు మంచిదే. మీ ఒంటికి తగిలాకే కంపైపోతోంది. ఆవిడ అన్నది కూడా వెటకారమే. మీకొక్కరికే తెలీలేదు."

ఆయన నిజమా అన్నట్టు నా మొహంలోకి చూశారు. "సచ్?"

"సచ్."

ఆ ఒక్క మాటతో సరిపోయింది. వెళ్ళి స్నానం చేసి వచ్చారు. సీసా నాకిచ్చి పారేయమన్నారు. ఆ రోజునుంచి గుడిలో ఆఖరి బల్ల మీద, తలుపు పక్కన కూర్చునేవారు. పాట మానేశారు. రోజుకి మూడుసార్లు స్నానం. ఎండాకాలం కాలనీలో నీళ్ళకి కటకటగా ఉన్నప్పుడూ అంతే. నాకు కావలసింది ఇదేనా? ఆయన ఒక్క వారం ఆవిడకి దూరంగా ఉంటే చాలనుకున్నాను. వారం అయ్యాక ఎందుకు చెప్పలేదు? చెబితే నేనేంటో ఆయనకి తెలిసిపోతుంది. ఆ భయంతో నెలలు, ఆ నెలలతో ఏళ్ళు.

ఒకసారి నర్సమ్మ మా ఇంటికే వచ్చింది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. లోపల గదిలో ఆయన వింటున్నారని తెలుసు.

"అన్నయ్యగారు పాటకి రావట్లేదేంటి వదినా? మా పాప రోజూ అడుగుతంది, సెంటు మావయ్య ఏడీ అని."

అన్నయ్యగారట. వదినట. నిజం తనంతట తనే నా గుమ్మం దాకా వచ్చింది. లోపల ఆయన తలుపు గడియ వేసుకున్న చప్పుడు వినబడింది. ఆవిడ ప్రేమగా అన్న మాట ఆయన చెవికి వెటకారమై చేరింది. అలా వినడం నేర్పింది నేనే. గొంతు బాలేదని చెప్పి ఆవిడని పంపించేశాను.

ఆఖరికి ఆయన ఆసుపత్రిలో పడ్డారు. ఒక ఛత్తీస్‌గఢీ పిల్ల, నర్సు, దిండు సర్దడానికి వంగితే, తన దగ్గర కంపొస్తుంది, దూరంగా ఉండమని ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"జరా దూర్ సే, బేటీ. బద్బూ ఆతీ హై."

"నహీ బాబా, కోయీ బద్బూ నహీ," అని ఆ పిల్ల ఇంకా దగ్గరకి వంగింది.

ఆయన ఆ పిల్లని నమ్మలేదు. నా వైపు చూశారు. అవునా కాదా అన్నట్టు చూశారు. ఎంత పని? తల అడ్డంగా ఊపితే చాలు. నేను తల దించుకున్నాను. ఆయన ఆ పిల్లని మెల్లగా వెనక్కి నెట్టారు.

మూడో రోజు పోయారు.

సమాధి దగ్గర పాస్టరుగారు నన్ను గుణవతి అన్నారు. ఇది చదివినవాళ్ళు నన్ను ఓదార్చకండి, తిట్టినా పర్వాలేదు. క్షమించాల్సిన మనిషి ఒక్కరే, ఆయన లేరు. టీచరమ్మ రాయడం ఆపి నన్ను చూస్తోంది. రాయమ్మా, ఆపకు. ఈ ఒక్కటీ రాసెయ్.

ఆయన ఒంటినుంచి ఏనాడూ కంపు రాలేదు.