ప్రధానమంత్రికి ఎగ్జిట్

సౌదీలోని జుబైల్‌లో మా పక్క ఫ్లాట్‌వాళ్లు నిన్న అట్టపెట్టెలకు టేపు అంటించుకుంటున్నారు. వాళ్లాయనకు కంపెనీ ఎగ్జిట్ ఇచ్చిందట. చుర్రుమంటూ టేపు లాగే చప్పుడు గోడ దాటి వినిపిస్తూనే ఉంది.

చిన్నప్పుడు ఇదే ఊళ్లో నేను మూడో తరగతి చదివాను. బాపు ప్లాంటులో సూపర్‌వైజర్. బడిలో క్విజ్ కోసం మన ప్రధానమంత్రి పేరు, సొంతూరు, చేసిన పదవులు అన్నీ బట్టీ పట్టాను. తీరా క్విజ్‌కు రెండు రోజుల ముందు ఆయన రాజీనామా చేశాడని టీవీలో చెప్పారు. గద్దెనెక్కి ఏడాదైనా కాలేదు.

నేనెరిగిన లోకంలో పని పోతే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర పడుతుంది. ఫ్రిజ్ అమ్మేసి, పెట్టెలు కట్టి, దేశం విడిచి పోవాలి.

"బాపూ, ఆయనకు ఎగ్జిట్ కొట్టిండ్రా? ఇగ ఏ దేశం పోతడు?"

అమ్మ నవ్వబోయి, బాపు మొహం చూసి ఆగిపోయింది.

"ఏడికి పోడు బిడ్డా. కుర్చీ పోయింది గని దేశం ఆయనదే."

"మరి ఆయన పిల్లల బడి?"

బాపు టీవీ కట్టేశాడు. ఆ ముద్ర పడిన పాస్‌పోర్టు అప్పటికే బాపు జేబులో ఉందని నాకు తెలియదు. క్విజ్ రోజు పొద్దున మా ఫ్రిజ్ చూడటానికి ఎవరో వచ్చారు.

ఇండియాలో మా ఊరు చేరాక, ఆ మాజీ ప్రధాని పార్లమెంటులో మాట్లాడుతూ టీవీలో కనిపించినప్పుడల్లా బాపు లేచి బయటికి వెళ్లిపోయేవాడు. ఆయన పార్టీ గిట్టదేమో అనుకునేదాన్ని.

నిన్న ఆ టేపు చప్పుడుకు నేనూ లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాను.