నేను ముందు పోయి సూసొస్త

గోదావరిఖని సామ్యేల్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడికైనా సరే, అందరికంటే ముందు తనే దూరాలి. బస్సు, బ్యాంకు, బంతిభోజనం, చర్చి, చావిల్లు, ఏదైనా కానివ్వండి, గడప కనబడితే ఆయన కాళ్లు ఆగవు. ముందు నలుగురుంటే మోచేతులతో తోసుకుంటూ, "ఆగుండ్రి, నేను ముందు పోయి సూసొస్త" అని జొరబడతాడు. చేతిలోని కర్రతో పైకప్పును టకటకా తట్టి, తల పక్కకు వంచి కాసేపు వింటాడు. తర్వాత బయటికొచ్చి, ఆ ఇల్లు తనే కట్టినట్టు, "మంచిగనే ఉంది, రాండ్రి" అంటాడు.

ఆ కర్ర బొగ్గుబాయి నుంచి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు సామ్యేల్ బాయిలో కాంట్రాక్టు కింద పైకప్పుకు దుంగలు ఆనించే పని చేశాడు. కూలీలు అడుగు పెట్టేముందు ఒకరు పోయి కప్పును తట్టి చూడాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల విచ్చుకున్న కప్పు బోలుగా మోగుతుంది. అట్లా ముందు పోయేవాళ్లలో సామ్యేల్ ఒకడు. ఆ బాయి మూతపడ్డాక ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టి ఎత్తిపోసే ప్రైవేటు కంపెనీలో చేరాడు. అక్కడ నెత్తి మీద ఆకాశం తప్ప కప్పు లేదు. అయినా కర్ర వదల్లేదు. షేర్ ఆటో ఎక్కితే ఆటో టాపు తట్టేవాడు.

"దిగు కాకా, బండి సొట్టలు పోతది!" అని డ్రైవర్లు మొత్తుకునేవారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అన్నేళ్లలో ఆయన తట్టిన కప్పు ఒక్కటి కూడా కూలిన పాపాన పోలేదు.

చాయ్ హోటల్ సారవ్వ ఒకసారి అడిగేసింది. "అన్నిటికి ముందే ఉరుకుతవు, పైకి గూడ ముందే పోతవా సామ్యేలూ?"

"గాడికి మాత్రం మీరే ముందు పోయి సూసి రాండ్రి" అన్నాడు సామ్యేల్.

ఈ జబ్బుకు అందరికంటే ఎక్కువ బలైనవాడు భూపాల్. అదే కంపెనీలో, అదే షిఫ్టులో పనిచేసే కుర్రాడు. అతని పెళ్లి కమాన్‌పూర్‌లో. ఆడపెళ్లివాళ్లు నీళ్ల బిందెతో, హారతి పళ్లెంతో గుమ్మంలో నిలబడ్డారు. పెళ్లికొడుకు కారు దిగి బాసింగం సర్దుకునే లోపే సామ్యేల్ గుమ్మంలో ఉన్నాడు. పెళ్లికూతురి మేనత్తకు చూపు అంతంత మాత్రం. ఆమె సామ్యేల్ కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, హారతిచ్చి, "పిలగాడు జర ముదిరిండు" అని పక్కామె చెవిలో గొణిగింది.

"కాకా, పెండ్లి నాదా, నీదా?" అన్నాడు భూపాల్ పళ్లు నూరుతూ.

"నీదే బిడ్డా" అన్నాడు సామ్యేల్ బొట్టు తుడుచుకుంటూ. "ఎడమ దిక్కు గుంజ ఊగుతాంది. కుడి దిక్కుకెళ్లి రా."

పందిరి విప్పేదాకా ఆ గుంజ నిక్షేపంలా నిలబడింది. పెళ్లి వీడియోలో మాత్రం ఇప్పటికీ హారతి సామ్యేల్‌కే.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున ఫస్ట్ షిఫ్టుకు అందరూ కంపెనీ గేటు దగ్గరికి చేరారు. గేటు మూసి ఉంది. పక్కనున్న చిన్న తలుపు తోసుకుని సామ్యేల్ లోపలికి పోయాడు. ఆరోజు తట్టిన చప్పుడు వినబడలేదు. బయటికొచ్చి కర్ర అడ్డంగా పెట్టి నిలబడ్డాడు.

"కప్పు కూలింది. ఎవ్వలు లోపలికి పోకుండ్రి."

"ఏమైంది కాకా?"

"కాంట్రాక్టు ఒడిసిందట. రేపటి సంది గాదు, ఇయ్యాల్టి సందే రావద్దట."

ఏళ్ల తరబడి చాకిరీ చేయించుకున్న కంపెనీ ఆ ముక్క చెప్పడానికి గేటు వాచ్‌మన్‌ను నియమించింది. బూట్లు, హెల్మెట్లు కంపెనీవి కాబట్టి విప్పి కుప్ప పోయమన్నారు. చెప్పులు వేసుకురాని వాళ్లు వట్టి కాళ్లతో ఇంటిదారి పట్టారు. భూపాల్ వాళ్లలో ఒకడు. ఇంట్లో భార్య సంధ్యారాణికి నాలుగో నెల. ఆమెకు తల్లి లేదు, దగ్గరుండి చూసే దిక్కు భూపాల్ ఒక్కడే. ఇక్కడ పని లేకపోతే మహారాష్ట్రలో భీవండి మగ్గాలకు పోవాలి. పోతే ఆమె ఒంటరి.

"పోతవా?" అని అడిగింది సంధ్యారాణి.

"పోను" అన్నాడు. ఎట్లా పోకుండా ఉంటాడో అతనికే తెలియదు.

పని పోయిన కార్మికులకు కొన్నాళ్లపాటు జీతంలో కొంత భత్యంగా ఇచ్చే పథకం ఒకటి ఉంది. అది ఉందని తెలియడానికే చాలా రోజులు పట్టింది. తెలిశాక అది లేకపోతేనే బాగుండేదనిపించింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. దాన్ని ప్రింటు తీయాలి. నోటరీ చేయించాలి. ఆ భత్యమిచ్చే కార్మిక బీమా ఆఫీసుకు తెస్తే ఫోటో పాతదంటారు. కొత్త ఫోటో తెస్తే ఆధార్‌లో ఫోటోకు దీనికి పోలిక లేదంటారు. పని పోయినవాడి మొహం ఆధార్‌లో మొహంలా ఎట్లా ఉంటుంది? అన్నీ సరిపోయిన రోజు సర్వర్ ఉండదు.

"సర్వర్‌ది గూడ పని పోయిందా సార్?" అని అడిగాడు సామ్యేల్.

కౌంటర్‌లో గుమాస్తా వేణుమాధవ్‌కు నవ్వు రాలేదు. ఆయనకు పొద్దున మొదట వచ్చిన మనిషి మీద విరుచుకుపడే అలవాటు. "చదువు రాదా? చెప్తే అర్థం కాదా? మీ అందరికి నేనొక్కన్నే దొరికిన్నా?" అని కిటికీ అద్దాలు అదిరేలా అరుస్తాడు. రెండో మనిషి వచ్చేసరికి గొంతు అలిసిపోయి మామూలు మనిషవుతాడు. ఆ మొదటి మనిషి రోజూ సామ్యేలే. భూపాల్ కోడి కూయకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నా సరే, తలుపు తీసే వేళకు ఎక్కడినుంచో ఒక మోచెయ్యి తగిలేది.

"ఆగు, నేను ముందు పోయి సూసొస్త."

లోపల టకటక. తర్వాత తిట్లు. తర్వాత బయటికి. ఒక్కోరోజు "ఇయ్యాల బోలు మోగుతాంది, చాయ్ తాగి రాండ్రి" అనేవాడు. ఒక్కోరోజు "మంచిగనే ఉంది, పో" అనేవాడు. వరుసలో తన ముందు నిలబడి తిట్లు తిని, కాగితం కూడా ఇవ్వకుండా తిరిగొచ్చే మనిషిని చూస్తే భూపాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంత బతుకు పోయాక కూడా ముందు నిలబడాలన్న సోకు ఏమిటని.

చివరికి ఒకరోజు దరఖాస్తు కంప్యూటర్‌లో తెరుచుకుంది. వేణుమాధవ్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీరే పని మానేసిండ్రని ఉంది."

"మేమెందుకు మానేస్తం సార్? వాళ్లే తీసేసిండ్రు" అన్నాడు భూపాల్.

"కంపెనీ గట్ల రాయలే. ఇష్టంతోని మానేసిండ్రని రాసింది. మీ ఒక్కరికే గాదు, అందరికి."

"ఇప్పుడు నాకు పని లేదు గద సార్?"

"లేదు."

"మరి పైసలు?"

"పని లేకపోవుడు వేరు, పని పోవుడు వేరు. పోయినోళ్లకే వస్తయి. కంపెనీతోని మార్పిచ్చుకొని రాండ్రి. నెలాఖరు దాటితే మల్ల తీసుకోం."

ఇష్టంతో మానేశారట. బూట్లు కుప్ప పోసి వట్టి కాళ్లతో బొగ్గు రోడ్డు మీద నడిచినవాళ్లు ఇష్టంతో మానేశారట. ఆ రాత కొట్టిన వేళ్లు ఎవరివో గానీ భూపాల్ వాటిని విరిచేయాలనుకున్నాడు.

మరునాడు అందరూ కలిసి కమాన్‌పూర్ అవతల కంపెనీ క్యాంపుకు పోయారు. రేకుల డబ్బాలో ఆఫీసు. లోపల మేనేజర్ ప్రశాంత్. బయట ఎండలో వీళ్లు. దారిలోనే తోటి కార్మికుడు ఎల్లన్న ఒక కబురు మోసుకొచ్చాడు.

"కొత్త కాంట్రాక్టు మల్ల ఈ కంపెనీకే వస్తాందట. పాతోళ్లను తీసుకుంటరట. కానీ రాసింది తప్పని ఎవడు ముందు లొల్లి పెడ్తడో, వాని పేరు కొట్టేస్తరట."

అంతే, అప్పటిదాకా ఆవేశంగా వచ్చినవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు పో, నీకు మాట్లాడొస్తది."

"నాకు బీపీ ఉంది. నువ్వు పో."

"నేనా? నా బిడ్డ లగ్గం కుదిరింది."

భూపాల్ లెక్క వేసుకున్నాడు. లోపలికి పోకపోతే భత్యం రాదు, భీవండి. పోతే పేరు కొట్టేస్తారు, కొన్నాళ్లకు భీవండి. ఎటు తిప్పినా రైలు భీవండికే పోతున్నప్పుడు ఆ మేనేజర్‌ను మొహం మీద అడిగే ఎక్కుదామనుకున్నాడు. సంధ్యారాణి గుర్తొచ్చింది. అయినా అడుగు వేశాడు. చెయ్యి తలుపు మీద పడే లోపే పక్కటెముకల్లో మోచెయ్యి గుచ్చుకుంది.

"ఆగు, నేను ముందు పోయి సూసొస్త."

"ఈడ గూడనా కాకా!" భూపాల్ ఆయన చొక్కా పట్టి లాగాడు. గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. సామ్యేల్ లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

టకటకటక.

"ఎవడ్రా నువ్వు? డోలు కొడ్తున్నవా?" అన్న మేనేజర్ అరుపు వినబడింది. ఆ తర్వాత అరుపులే అరుపులు. రేకు డబ్బా కావడంతో లోపల ఉరుములు ఉరిమినట్టుంది గానీ మాట తెలియలేదు. సామ్యేల్ గొంతు మధ్యమధ్య సన్నగా ఏదో అంటోంది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సామ్యేల్ చొక్కా తెరుచుకుని, నుదుటి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"మంచిగనే ఉంది. రాండ్రి."

లోపల ప్రశాంత్ గొంతు పోయి నీళ్లు తాగుతున్నాడు. కంప్యూటర్ ముందున్న అమ్మాయితో, "వీళ్లందరివి మార్చెయ్ దీపా, మల్ల నా మొకం ముందుకు రావద్దు" అన్నాడు. ఇన్ని నెలలుగా జనాన్ని తిప్పి చంపిన ఆ రాత మారడానికి పట్టిన సమయంలో ఒక చాయ్ కూడా చల్లారదు.

కొన్నాళ్లకు అందరి ఖాతాల్లో భత్యం పడింది. గొప్ప సొమ్మేమీ కాదు, బియ్యానికి, సంధ్యారాణి మందులకు సరిపోయింది. భీవండి రైలు భూపాల్ లేకుండానే పోయింది. రానిదల్లా సామ్యేల్‌కే. వేలిముద్ర వేయమంటే మిషన్ ఒప్పుకోలేదు. దుంగలు మోసి మోసి ఆయన వేళ్ల మీద గీతలు మిగల్లేదు.

"మీరు సామ్యేలేనని రుజువైత లేదు" అన్నాడు వేణుమాధవ్.

"నేను కాకపోతే మరి ఎవల పని పోయినట్టు సార్?"

దానికి జవాబు ఇప్పటిదాకా రాలేదు.

చలికాలం వచ్చేసరికి ఎల్లన్న చెప్పినట్టే కొత్త కాంట్రాక్టు వచ్చింది. గేటు దగ్గర సూపర్‌వైజర్ పేర్లు పిలిచాడు. సామ్యేల్ అలవాటుగా అందరికంటే ముందు నిలబడ్డాడు. భూపాల్‌ను పిలిచారు. ఎల్లన్నను పిలిచారు. అందరినీ పిలిచారు. బూట్లు వేసుకుని భూపాల్ వెనక్కి చూస్తే గేటు అవతల సామ్యేల్ ఒక్కడే కర్రతో మిగిలాడు. ఆయన అందరికంటే వెనకబడగా భూపాల్ చూడటం అదే మొదలు. ఎందుకో అది చూడబుద్ధి కాలేదు. నేరుగా ప్రశాంత్ దగ్గరికి పోయాడు.

"సామ్యేల్ కాక పేరు మర్చిపోయిండ్రు సార్."

"మర్చిపోలే. గుర్తు పెట్టుకొనే కొట్టేసిన. అందర్ని ఎగేసి పట్టుకొచ్చింది నేనేనని వాడే ఒప్పుకున్నడు. బయటున్నోళ్లకు ఏం తెల్వదు, ఒర్రితే నన్నే ఒర్రుండ్రి అన్నడు. ఎవడిదో ఒకడి పేరు కొట్టెయ్యాలె గద. అందరివి కొట్టేస్తే మట్టి ఎవలు ఎత్తుతరు, నేనా?"

షిఫ్టు దిగి భూపాల్ చౌరస్తాకు పోయాడు. అక్కడ సామ్యేల్ భార్య సుగుణమణి బండి మీద మిర్చీలు వేస్తోంది. సామ్యేల్ శనగపిండి కలుపుతున్నాడు. నూనెలోంచి తీసిన మొదటి మిర్చీ ఆయనే తిని, "మంచిగనే ఉంది, పెట్టు" అంటున్నాడు.

"ముందు ముందు అని ఉరికి, ఆఖరికి బండి కాడ తేలిండు మీ కాక" అంది సుగుణమణి. ఆమె కోపం నూనె కంటే కాగుతోంది.

భూపాల్ ఆ రోజు ఊడిన గుండీని ఆయన ముందు పెట్టాడు. "పేరు కొట్టేస్తరని ఎరికుండే పోయినవా కాకా?"

"ఎరికేంది? తట్టిన గద. బోలు మోగింది."

"మరి బయటికొచ్చి మంచిగుందన్నవు?"

"మీకు మంచిగుందన్న. నాకు మంచిగుందని అన్ననా?"

బీమా ఆఫీసు మెట్లూ, రోజూ మొదటి తిట్లు తిని వచ్చిన ఆ మొహమూ ఒక్కసారిగా భూపాల్ కళ్ల ముందు కదిలాయి. ఇన్నేళ్లుగా ఈ మనిషిని తిట్టుకున్న తిట్లన్నీ మింగడానికి ఒక మిర్చీ నోట్లో పెట్టుకున్నాడు. అది కారంగా ఉండటం మంచిదైంది. కళ్లు తుడుచుకోవడానికి సాకు దొరికింది.

సంధ్యారాణికి ఒక పొద్దున నొప్పులొచ్చాయి. దవాఖానకు సుగుణమణి కూడా వచ్చి లోపల ఉంది. బయట భూపాల్, కర్రతో సామ్యేల్. కాసేపటికి నర్సు తలుపు తీసి, "తండ్రి ఎవలు? రావచ్చు" అంది. సామ్యేల్ కాళ్లు వాటంతట అవే లేచాయి. కానీ మొదటిసారి ఆయనే తమాయించుకుని పక్కకు జరిగాడు.

"నువ్వు పో బిడ్డా. ఇది నీది."

భూపాల్ కదల్లేదు. "లేదు కాకా. నువ్వు ముందు పోయి సూసి రా."

"తండ్రి ఎవలంటే తాత వస్తుండేంది!" అన్న నర్సు గొంతు లోపలినుంచి వినబడింది. "ఓ పెద్దమనిషీ, ఆ కర్ర దించు!" ఆమె తిట్లన్నీ అయిపోయాక సామ్యేల్ బయటికొచ్చాడు. మొహమంతా నవ్వు. లోపల పసిబిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది.

"ఆడపిల్ల" అన్నాడు. "ఖంగున మోగుతాంది. పో."