నల్ల గొంగడి మీద నువ్వులు

నా చిన్నప్పుడు మా ఇంట్ల రెండు తలలకు రెండు రంగుల పేన్లు ఉండేటియి. నవ్వకుండ్రి. నా తలల నల్లయి, మా నాయనమ్మ తలల తెల్లయి. నేను చెప్తాంటె మా మనుమరాలు రాస్తాంది, రాసుకుంటనే తల గోక్కుంటాంది. పేన్ల ముచ్చట మొదలువెడితె ఎవ్వలకైనా దురద పుట్టకుంట ఉండదు.

అది నైజాం కాలం. మేం కాశిబుగ్గల ఉండేది. మా బాపు మగ్గం నేసేటోడు, మా అమ్మ పొద్దంత రాట్నం ముందట కూసోని కండెలు చుట్టేది. నా తల చూసే తీరిక అమ్మకు ఎక్కడిది? అది నాయనమ్మ పని. పగటి బువ్వ తిన్నంక అరుగు మీద నన్ను ముందట కూసోబెట్టుకొని, ఆ మసక కండ్లతోనే పాయ పాయ తీసి, కనబడ్డదాన్నల్ల గోటి మీద పెట్టి కుక్కి సంపేది. ఆమె చూసుడు అయినంక నేను ఆమె తల చూసేది. పసిపిల్లగున్నప్పుడు ఆమె పక్కలనే పండేదాన్ని, నాకు పేన్లు ఎక్కింది ఆడికెళ్లే. జర పెద్దగైనంక వేరే చాప మీద పండుకున్న. ఒక్క తలకెళ్లి వచ్చిన పేన్లు రెండు రంగులు ఎందుకైనయి అని అడిగితే, ఏ తలల ఉంటే ఆ వెంట్రుక రంగు తాగుతయి బిడ్డా అనేది నాయనమ్మ. నేను నమ్మిన. నమ్మక ఏం చేస్త?

మా వాడకట్టుల ఆడపిల్లలు బడికి పోవుడే తక్కువ. నేను పోతుంటి. కానీ కూసున్నకాడ కుదురుగ కూసుంటే గద. ఒక చేతుల పలక, ఒక చెయ్యి తలల. పక్క పిల్లలు జరిగి జరిగి గోడకు ఆనిండ్రు. ఒకనాడు పంతులమ్మ నన్ను లేపి, తల సాఫ్ చేసుకొని రా, అందాక రాకు అని ఇంటికి తోలింది.

అమ్మకు కోపమొచ్చింది. రేపు పొద్దుగాల మంగలాయన బాపు గడ్డం గియ్యనీకి వస్తడు, ఈ పిల్లకు గుండు గూడ చేయిస్త అన్నది. బాపు మగ్గం ఆపకుంటనే, గుండుతోని బడికి పోతే నలుగురు నవ్వుతరు, జుట్టు పెరిగినంక పోవచ్చు అన్నడు. ఆ మాట విన్నంక నాకు కాలు నిలువలేదు. జుట్టు పెరిగేదాక ఇంట్ల ఉంటే ఇగ కండెల పని నాదే. బడి మానిన పిల్ల మళ్ల బడి మొఖం చూసింది మా వాడకట్టుల లేదు. అరుగు మీదికి పోతి, లోపటికి వస్తి. నాయనమ్మ దగ్గర తల పెట్టి ఇంకోసారి చూడమని ఏడిస్తి. పాపం, శానసేపు చూసింది. అన్ని ఏరిన బిడ్డా, ఇగ ఏం లేవు అన్నది. మరి ఏం లేకపోతే ఈ దురద ఏంది?

అప్పుడొచ్చింది పక్కింటి అక్క. వాళ్లు కిరస్తానపోళ్లు. ఆమె దవాఖానల కట్లు గట్టే పని చేసేది. నన్ను చూసి, “ఏందే, మగ్గంల నాడె లెక్క అటు ఇటు ఉరుకుతున్నవు?” అన్నది. నేను ఏడుసుకుంటనే అంతా చెప్పిన. ఆమె ఇనుకుంట నా తల చూసింది, తర్వాత నాయనమ్మ తల చూసింది. లోపటికి పోయి నాయనమ్మ నల్ల గొంగడి తెచ్చి పరిచింది. అమ్మను అడిగి తెల్ల నువ్వులు, నల్ల నువ్వులు చెరి పిడికెడు తెచ్చి, కలిపి దాని మీద చల్లింది.

నాయనమ్మ లొల్లి పెట్టింది. “నల్ల నువ్వులు ఇంట్ల చల్లుతవానే? నేనింక సావలే.”

“ఇయ్యి నువ్వులు కావు అవ్వా, పేన్లు. ఇది నీ మనుమరాలి తల,” అన్నది అక్క.

“నేను చప్పట్లు కొట్టినంతసేపు తొందర తొందరగ ఏరు, ఆపంగనే ఆపు,” అని అక్క నాకు చెప్పింది. ఉరుకులాటగ ఏరిన. చప్పట్లు ఆగినంక, మిగిలినయి ఇప్పుడు పిల్లలు పెడ్తయి అనుకుంట, ఏ రంగుయి ఎన్ని మిగిలితే ఆ రంగుయి మళ్ల అన్ని చల్లింది. మళ్ల ఏరిన. మళ్ల చల్లింది. ఇంకోసారి ఏరినంక గొంగడి నా కంటికి సాఫ్‌గ కనబడ్డది. ఇగ ఏం లేవు అన్న. నాయనమ్మ అన్న మాటనే.

అక్క నా చెయ్యి పట్టుకొని గొంగడి మీద రుద్దింది. అరచెయ్యి తిప్పి చూస్తే నిండ నువ్వులు. అన్ని నల్లయే.

“ఒక్క నువ్వన్న రంగు మార్చుకున్నదా?” అని అడిగింది.

లేదు అన్న. కనబడ్డది దొరికింది, కనబడనిది పిల్లలు పెట్టింది, పిల్లలకు తల్లి రంగే వచ్చింది. అంతే జరిగింది. అక్క బాపు తెల్ల ధోతి పరిచి అదే ఆట మళ్ల ఆడిపిచ్చింది. ఈసారి నల్లయి పోయినయి, తెల్లయి మిగిలినయి. నేను తలెత్తి నాయనమ్మ నెరిసిన తల చూసిన. ఆమె నా తల చూసింది. ఇన్నొద్దులు ఒకళ్ల తల ఒకళ్లం సాఫ్ చేస్తున్నం అనుకున్నం, ఒకళ్లకొకళ్లం పేన్లను ఎంచి పెంచినం.

మా అమ్మ రాట్నం ఎప్పుడు ఆగిందో నేను చూడనే లేదు. అక్క అమ్మతోని, కండ్లతోని ఏరుడు బందు పెట్టుండ్రి, దువ్వెనకు కండ్లు లేవు, దానికి నలుపు తెలుపు ఒక్కటే అన్నది. నా తల తడిపి, నూనె పెట్టి, ధోతి మీద వంచి సన్నపండ్ల దువ్వెనతోని దువ్వింది. ఆ తెల్ల బట్ట మీద పడ్డయి చూసి అమ్మ దువ్వెన తన చేతులకు తీసుకున్నది. దువ్వెనకు గూడ గట్టిగ పట్టుకున్నయి మిగులుతయి, పని అయిపోయింది అనుకొని ఆపకు అని అక్క బెదిరిచ్చింది. తెల్లారి మంగలాయన వస్తే అమ్మ బాపును చూపెట్టి, ఆయన గడ్డం గీసి పో అన్నది. అమ్మ రోజూ దువ్వింది. ఇగ రాలుడు బందయినంక నేను బడికి పోయిన. నా పేరు నేను రాసుకునేదాక చదివిన. తర్వాత పెండ్లయింది, అది వేరే ముచ్చట.

మా మనుమరాలి పుస్తకంల దీన్ని ప్రకృతి వరణం అంటరట. మా నాయనమ్మ గోర్ల లెక్కనే గద్ద ముక్కు, ఎండ, కరువు, రోగం ఏరుకుంటనే ఉంటయట. తరాలకు తరాలు అట్ల ఏరంగ ఏరంగ జీవాల రూపాలే మారిపోతయట. ఉండొచ్చు. నేను గొంగడి దాకనే చూసిన.

మా ఆయనకు, నాకు ఇద్దరికీ ఒక్కనాడే విషజ్వరం వచ్చింది. ఆయన పోయిండు, నేను లేచిన. గట్టి పిండం గనుక మిగిలింది అన్నోళ్లున్నరు. మొగన్ని మింగి మిగిలింది అన్నోళ్లూ ఉన్నరు. రెండు మాటలూ నాకు పట్టలే. మిగిలిన నల్ల నువ్వు చేసిన పుణ్యమేంది, దొరికిపోయిన తెల్ల నువ్వు చేసిన పాపమేంది? పరిచింది నల్ల గొంగడి. ధోతి పరిస్తే ముచ్చట మారేది.

ఇప్పటికీ ఎవ్వలన్న ఇగ ఏం లేవు, అంత సాఫ్ అంటే నాకు కుదురు ఉండదు. నా అరచెయ్యి ఊకోదు. ఒక్కసారి రుద్ది తిప్పి చూస్తది.