అక్క ఎక్కలేని కారు

తన అక్కాబావల పాతకాలపు కారు బోల్తాపడినా పైకప్పు నలగకుండా, లోపల ఉక్కు చట్రం బిగించాడు వెల్డరు. పక్కనుంచి గుద్దితే కాచే కడ్డీలను తలుపుల్లోపల దాచాల్సింది. తన అతుకుల నునుపు నలుగురికీ కనపడాలని, ఎక్కే దారికే అడ్డంగా వేశాడు.

మోకాలు వంగని అక్క, కాలు చేత్తో ఎత్తి చూసింది. కడ్డీ దాటలేదు.

"ముందు గుర్రమెక్కడం నేర్పరా తమ్ముడూ!" అని నవ్వింది.

"పోనీలేవే, నేనొక్కణ్ణే తిరుగుతాలే," అన్నాడు అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్న బావ.

అక్క నవ్వు ఆగిపోయింది. ఆమె పక్కన లేకుండా బావ ఆ కారు ఏనాడూ తీయలేదు.

వెల్డరుకు తల కొట్టేసినట్టయింది. అంగుళం వదలకుండా కొలిచినవాడికి అక్క కాలే గుర్తురాలేదు.

"దిగు బావా," అని కోత మిషను అందుకున్నాడు.

సాయంత్రానికి కడ్డీ తలుపులోపలికి చేరింది. అక్క ఎక్కి కూర్చుంది. అతను మాత్రం ఆమె ముఖం చూడలేక, తుడిచిన తలుపునే మళ్లీ తుడుస్తూ ఉండిపోయాడు.