ఇంకొక్కసారి పడితే

మంచు పడిన రోజు పొద్దున రాజ్యశ్రీ మొదట చేసే పని సైకిల్ టైర్లలో కొంచెం గాలి తీసేయడం. గాలి బిర్రుగా ఉన్న టైరు మంచు మీద గోలీలా జారుతుంది. కాస్త మెత్తబడితే నేలను పట్టుకుంటుంది. తర్వాత రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు వేలెడంత దించుతుంది. గొలుసుకు నూనె రాస్తుంది, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూస్తుంది. ఇదంతా స్టవ్ మీద పాలు పొంగేలోపు అయిపోతుంది.

ఆమెది హన్మకొండ. వయసు నలభై దాటింది. మ్యూనిక్ పక్కన ఇస్మానింగ్‌లో కాపురం, ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉద్యోగం. టీవీ చానళ్ళకు సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఆఫీసులో టెస్టర్. రెండు ఊళ్ళ మధ్య ఎస్-బాన్ లోకల్ రైల్లో ఒక్క స్టేషన్ దూరమే. సీటు చూసుకుని కూర్చునేసరికి దిగాల్సి వస్తుంది. అలాంటప్పుడు గడ్డకట్టే చలిలో ఈజార్ నది వెంట సైకిల్ తొక్కుకుంటూ పోవడమెందుకని అడగనివాళ్ళు లేరు. “మంచిగుంటది” అని మాత్రమే చెబుతుంది.

అసలు కారణం ఇంట్లోవాళ్ళకు తెలుసు. జర్మనీకి వచ్చిన మొదటి చలికాలం ఆమె దాదాపు గది దాటలేదు. వెలుతురు వచ్చేలోపు ఆఫీసు, చీకటిపడ్డాక ఇల్లు. ఇంటికి వచ్చాక కోటు కూడా విప్పకుండా తలుపు పక్క బల్ల మీద అలాగే కూర్చునేది. ఏమైందని అడిగితే ఏమీ లేదనేది. డాక్టరు విటమిన్ బిళ్ళలు రాసి, రోజూ కాసేపు బయట తిరగమంది. చిన్నప్పుడు తండ్రి సైకిల్ అడ్డకమ్మీ కింద కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్న మనిషి. పాత సైకిల్ ఒకటి కొనుక్కుంది. ఆ తర్వాత ఆ బల్ల మీద కూర్చోవాల్సిన అవసరం రాలేదు.

పోయిన ఫిబ్రవరిలో నది మలుపు దగ్గర ముందు బ్రేకు నొక్కింది. మంచు మీద చేయకూడని పని అదే. మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా భర్త రవీంద్రనాథ్ వంట చేశాడు, కూతురు స్నిగ్ధకు జడలు వేశాడు. జడలు ఎప్పుడూ ఒకటి పైకి, ఒకటి కిందకి ఉండేవి. మళ్ళీ చలికాలం వస్తుంటే ఆమె మేకుల టైర్లు తెప్పించింది. రబ్బరులోంచి చిన్న చిన్న ఇనుప మేకులు పొడుచుకొచ్చి ఐసును గుచ్చిపట్టుకుంటాయి. అవి చూసి రవీంద్రనాథ్ ఒక షరతు పెట్టాడు.

“ఇంకొక్కసారి పడితే సైకిల్ అమ్మేద్దాం. సరేనా?”

“సరే. మాట ఇచ్చిన.”

ఆ మాట విన్న మూడో మనిషి అత్తగారు కౌసల్య. తెనాలి నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది. కోడలు సైకిల్ తొక్కడం ఆమెకు మొదటినుంచీ నచ్చలేదు.

“అంత చదువు చదివి పాలవాడిలా ఆ సైకిలేంటే అమ్మాయ్?”

“పాలోడు గూడ ఇప్పుడు బండి మీదనే వస్తుండు అత్తయ్యా.”

“వాడికున్న బుద్ధి నీకు లేకపోయె!”

ఇద్దరికీ గొడవేమీ లేదు. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూ కూరలు తరుగుకునేవారు.

వాకిట్లో కళ్ళాపి చల్లకుండా పొయ్యి వెలిగించడం కౌసల్య వల్ల కాదు. వాళ్ళది కింది వాటా. తోటవైపు తలుపు తెరిస్తే నాలుగు బండలు పరిచిన గడప ముంగిలి, దాని మీద పైవాళ్ళ బాల్కనీ. ఆమె రోజూ అక్కడ చెంబుడు నీళ్ళు చిలకరించి, బియ్యప్పిండితో చిన్న ముగ్గు పెట్టేది. జనవరి మొదట్లో కొన్నాళ్ళు చలి తగ్గి ముసురు పట్టింది కాబట్టి ఇబ్బంది రాలేదు. తర్వాత ఒక రాత్రి ఆకాశం తేటపడి పాదరసం బాగా కిందికి దిగిపోయింది. తెల్లారి తలుపు తీసిన కౌసల్యకు చలి ముఖాన కొట్టినట్టయింది. చన్నీళ్ళు గడ్డకడతాయని ఆలోచించి, బాత్రూంలోంచి వేడివేడి నీళ్ళు పట్టుకొచ్చి చల్లింది.

రాజ్యశ్రీ సైకిల్ బయటికి తీసేసరికి బండలు తడిసినట్టు కూడా కనిపించలేదు. సీటెక్కి ఎడమకాలితో నేలను తన్నింది. టైర్ల మేకులు ఐసును పట్టుకున్నాయి. ఆమె బూటుకు మాత్రం పట్టు దొరకలేదు. కాలు జారి, సైకిల్‌తో సహా పడి, అప్పుడు విరిగిన మణికట్టు మీదే ఒరిగింది.

వంటింటి కిటికీలోంచి చూసిన రవీంద్రనాథ్ పరిగెత్తుకొచ్చాడు. లేపి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, విరగలేదని తేలాక కోపం తెచ్చుకున్నాడు.

“గేటు కూడా దాటలేదు! ఇంక నదిదాకా ఏం వెళ్తావు?”

ఆమె చేతితొడుగు కేసి చూసుకుంది. ఉన్నికి తెల్లటి పిండి అంటుకుని గడ్డకట్టి ఉంది. బాల్కనీ నీడలో ఉన్న ఆ బండల మీదికి వాన రాదు, మంచూ రాదు. తలెత్తి చూస్తే గుమ్మంలో అత్తగారు చెంబుతో నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కౌసల్య లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరు బెణుకని చెప్పి పట్టీ కట్టాడు. రవీంద్రనాథ్ సైకిల్ ఫోటోలు తీసి అమ్మకానికి పెట్టాడు. రాజ్యశ్రీ అడ్డు చెప్పకుండా తాళంచెవి ఇచ్చేసింది. చెప్పాలంటే అత్తగారి పేరు చెప్పాలి. చెబితే కొడుకు తల్లి మీద అరుస్తాడు. కొద్దిరోజుల్లో విమానమెక్కే మనిషిని దోషిగా నిలబెట్టి సైకిల్ దక్కించుకోవడం ఆమెకు సబబుగా తోచలేదు. ఎస్-బాన్ ఎక్కింది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి కోటు విప్పకుండా తలుపు పక్క బల్ల మీద కూర్చుంది. మర్నాడూ, ఆ మర్నాడూ అంతే.

“అమ్మా, ముగ్గు పెట్టట్లేదేంటి?” అని రవీంద్రనాథ్ అడిగాడు.

“చలి,” అంది కౌసల్య, బల్ల మీద కూర్చున్న కోడలి వైపు చూస్తూ.

శనివారం పొద్దున పక్క ఊరు గార్చింగ్ నుంచి ఒక జర్మన్ అమ్మాయి సైకిల్ చూడ్డానికి వచ్చింది. తోటలో ఒక చుట్టు తొక్కింది. మేకుల టైర్లు తనకు బాగా నచ్చాయంది. రవీంద్రనాథ్ తాళంచెవి జేబులోంచి తీస్తుండగా శాలువా కప్పుకుని కౌసల్య గుమ్మంలోకి వచ్చింది.

“ఒరేయ్, అమ్మట్లేదని చెప్పు ఆ పిల్లకి.”

“నీకెందుకమ్మా? చలిగా ఉంది, లోపలికెళ్ళు.”

“నీ పెళ్ళాం సైకిల్ మీంచి పడలేదురా. నా కళ్ళాపి మీద పడింది.”

రవీంద్రనాథ్‌కు వెంటనే అర్థం కాలేదు. బండల వైపు, తల్లి వైపు చూశాడు.

“ఈ చలిలో నీళ్ళు చల్లావా?”

“వేడినీళ్ళేరా! వేడినీళ్ళు కూడా గడ్డకడతాయని నాకేం తెలుసు?”

“ఇంట్లో ఇద్దరు ఇంజినీర్లున్నాం. ఒక్కమాట అడగొచ్చు కదా!”

“అడిగితే అసలు ముగ్గే వద్దనేవాడివి.”

అతను భార్య వైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి చెప్పవేం?”

“మీ అమ్మ చెప్తదేమోనని జూసిన.”

“విన్నావా, నాకు పరీక్ష పెట్టింది!” అంది కౌసల్య. “నేను ఇన్నిరోజులకు పాసయ్యాను. ఈ మూడు రోజులూ ఆ బల్ల మీద దాని మొహం నువ్వు చూళ్ళేదు, నేను చూశాను. అలాంటి మొహం చూసి తెనాలి వెళ్తే నాకు అన్నం సయించదు. సైకిల్ లోపల పెట్టు.”

కిటికీలోంచి వింటున్న స్నిగ్ధ “దస్ త్సేల్ట్ నిష్ట్, పాపా!” అని అరిచింది. ఆడుకునేటప్పుడు తొండి ఆట లెక్కలోకి రాదని జర్మన్ పిల్లలు అనే మాట అది.

“సరే, నో బాల్,” అన్నాడు రవీంద్రనాథ్. నవ్వలేదు. “కానీ ఒప్పందం ఒప్పందమే. ఇంకోసారి బయటెక్కడ పడ్డా అంతే.”

“అంతే,” అంది రాజ్యశ్రీ.

జర్మన్ అమ్మాయికి ఇదంతా చెప్పడానికి అతను చాలా తంటాలు పడ్డాడు. కళ్ళాపి అన్న మాట దగ్గర ఆగిపోయి, ‘మా అమ్మ పొద్దున్నే నేల కడుగుతుంది’ అన్నాడు. ఈ చలిలోనా అని ఆమె అడిగింది. అవునన్నాడు. పనిమాలా వచ్చినందుకు ఆమెకు చిరాకు కలిగింది, అయినా కౌసల్య ఇచ్చిన కాఫీ తాగే వెళ్ళింది.

పట్టీ విప్పేదాకా రాజ్యశ్రీ ఆగింది. ఆ సోమవారం కొత్తగా మంచు పడింది. రవీంద్రనాథ్ బండల మీద కంకరపొడి చల్లి, సైకిల్ తనే వీధిదాకా తోసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె ఎక్కింది. మొదట చక్రం కొంచెం తూలింది, తర్వాత తిన్నగా సాగింది. ఆమె మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడి, ఇంటికొచ్చి గడియారం చూస్తూ టిఫిన్ తిని, ఫోన్ చేశాడు.

“చేరావా?”

“ఇంకా లేదు. నది పక్కన్నే ఉన్న. ఫోన్ ఎత్తాలంటే ఆగి గ్లవ్ విప్పాల్సొచ్చింది. చేతులు కొంకర్లు పోతున్నయి, మళ్ళ చెయ్యకు.”