పిలిచేదాకా కూర్చున్న సార్వా

మా ఊరు కోడూరు దాటాక వస్తుంది. కాలవకి మాదే చివర. బెజవాడ దగ్గర నీళ్లు వదిలితే పైనున్న అందరి చేలూ తడిసి, మిగిలినవి మా దాకా వస్తాయి. రైతులు ఏటా దానికి తిట్టుకుంటారు. మా కూలివాళ్లకి మాత్రం ఆ ఆలస్యమే కలిసొచ్చేది. గుడివాడ వైపు నీళ్లు ముందు అందుతాయి గనక ఊడ్పులు అక్కడ ముందు మొదలయ్యేవి. వరి నాట్లని మేం ఊడ్పులంటాం. పద్దెనిమిది మంది ఆడవాళ్లం బియ్యం, చింతపండు, పాత చీరలు మూట కట్టుకుని గుడివాడ బస్సెక్కేవాళ్లం. అక్కడ నాటి, బందరు చుట్టుపక్కల నాటి, నీళ్ల వెనకాలే కిందికి దిగుతూ మా ఊరి చేలకి వచ్చేసరికి సార్వా ఊడ్పులు, అంటే వానాకాలం పంట నాట్లు, అయిపోవచ్చేవి.

అన్ని రోజులూ ఎక్కడ పడుకున్నామో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. బడి వరండాలు, పశువుల పాకలు, ఒక ఏడు రైసుమిల్లు గోడౌను. ఒళ్లంతా బురద వాసన. వంగిన నడుం లేవాలంటే మోకాలి మీద చెయ్యి ఆనించాలి. అది సుఖమని నేననను. అబద్ధాలు రాయడానికి నలభై దాటాక పలక పట్టలేదు నేను. అయినా కాలవలో కొత్త నీళ్లు ఎర్రగా కనబడ్డాయంటే ఇప్పటికీ నా కాళ్లు ఇంట్లో నిలవవు.

ఆఖరి మడి నాటిన మర్నాడు ముఠా అంతా పాలకాయతిప్ప వెళ్లేవాళ్లం. బురదలో నాని ఒరిసిపోయిన వేళ్ల సందులు సముద్రపు నీళ్లు తగిలితే భగ్గుమనేవి. కేకలు పెట్టేవాళ్లం, నవ్వేవాళ్లం, బయటికి మాత్రం వచ్చేవాళ్లం కాదు. వడ్డున ఎవరో ఒకరు చేపల పులుసు పెట్టేవాళ్లు. అంత రుచిగా మళ్లీ తిన్నట్టు గుర్తు లేదు.

ముఠాకి మొదట మా అత్త మేస్త్రీ. ఆవిడ తర్వాత నేను. ముఠాని పిలవడానికి ఒక పద్ధతి ఉండేది. రైతు మా గుమ్మంలోకి వచ్చి ఆకూ వక్కా చేతిలో పెట్టి, "ఫలానా రోజు నా చేలోకి రండమ్మా" అని పిలవాలి. తీసుకున్నామంటే మాట ఇచ్చినట్టే, ఆ రోజు ఇంకెవరు పిలిచినా వెళ్లం. మేంగా ఎవరి గుమ్మానికీ వెళ్లి పని అడగకూడదు. మా అత్త ఈ విషయంలో చాలా గట్టి మనిషి. "అడిగి వెళ్తే చేలో నిన్ను వాడు నీళ్లు కూడా సరిగా తాగనివ్వడు. పిలిపించుకుని వెళ్తే తనే బిందె మోసుకొస్తాడు" అనేది. ఆవిడ అన్నట్టే జరగడం నేను చాలాసార్లు చూశాను. అందుకే మేస్త్రీగా ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా పని అడగలేదు.

పద్దెనిమిది మందిమి ఆరుగురం ఎలా అయ్యామో ఒక్క కారణం చెప్పలేను. కొన్ని చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుకి తవ్వేటప్పుడు జనం కావాలిగానీ తర్వాత కాపలాకి ఒకడు చాలు. కోతలకి మిషను వచ్చింది, పనలు కట్టే పని పోయింది. కొందరు విత్తనాలు నేరుగా వెదజల్లుతున్నారు, వాళ్లకి ఊడ్పులే అక్కర్లేదు. మా ముఠాలో ఇద్దరు బెజవాడ అపార్టుమెంట్లలో పనికి కుదిరారు. కొందరు పోయారు. మిగిలినవాళ్లలో నలుగురు పోయిన వేసవిలో రొయ్యల షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టారు. పొద్దున్నే వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. చల్లటి గదిలో నిలబడి రొయ్యల తలలు తీయడం, పొట్టు వొలవడం. "పిలుపు వస్తే చెప్పక్కా, ఆ నాలుగు రోజులూ షెడ్డు మానేసి వచ్చేస్తాం" అని వాళ్లు నాకు మాట ఇచ్చారు. ఇంటి దగ్గర ఉన్నది నేనూ, మా తోడికోడలూ.

మా తోడికోడలు నాకంటే పన్నెండేళ్లు చిన్న. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ చేలో నా కుడి పక్కన అదే. నోరు మంచిది కాదు, చెయ్యి మాత్రం మిషను. వ్యాను డ్రైవరు దాన్ని కూడా పిలిచాడు. ఒక్క సీటు ఖాళీ ఉంది, సోమవారం రాకపోతే పక్క ఊరి మనిషికి ఇచ్చేస్తానన్నాడు.

"సోమవారం దాకా చూస్తానక్కా" అంది తోడికోడలు. "ఈలోపు ఎవరన్నా పిలిస్తే సరే. లేకపోతే నేనూ రొయ్యలకే."

"నీళ్లు వచ్చి నెలేగా అయింది. పిలుస్తారులే."

"పిలుస్తారు, పిలుస్తారు. పెళ్లికూతురిలా గుమ్మం వైపు చూస్తూ కూర్చో."

నేను నిజంగా అలాగే కూర్చున్నాను. రోజూ పొద్దున్నే స్నానం చేసి, గుమ్మం కడిగి, అరుగు మీద. ఎవరన్నా మోటారు సైకిలు మీద మా వీధిలోకి తిరిగితే నడుం నిటారుగా అయ్యేది. గ్యాసు బండవాడు, టీవీ కేబులువాడు, డ్వాక్రా లెక్కల మనిషి వచ్చారు. రైతు రాలేదు.

శుక్రవారం నాడు గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. ఇంటింటికీ ఎవరు ఏం పని చేస్తున్నారో రాసుకుంటోంది. తోడికోడలు కూడా నా దగ్గరే ఉంది.

"మామ్మగారూ, పోయిన వారం ఏమన్నా పనికి వెళ్లారా?"

"లేదమ్మా."

"పని కోసం వెతికారా? అంటే, ఎవర్నన్నా అడిగారా?"

"మేం అడగం. మమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు."

ఆ అమ్మాయి కాసేపు ట్యాబు వంక చూసింది. "అలా పెట్టడానికి ఇందులో లేదండి. వెతికితే నిరుద్యోగి అని వస్తుంది. వెతకలేదంటే పనే అక్కర్లేదని వస్తుంది."

"అక్కర్లేదని ఎవరన్నారు?"

"నేను అనలేదు మామ్మగారూ, ఇందులో ఉన్నదే చెప్తున్నా."

తోడికోడలు పగలబడి నవ్వింది. "రాసెయ్ పాపా. మా అక్కకి పని అక్కర్లేదు, పిలుపు చాలు." అంతటితో ఊరుకోకుండా సచివాలయం గోడకి అంటించిన కాగితం సంగతి ఎత్తింది. బందరులో ఉద్యోగ మేళా అట, పదో తరగతి పాసైనవాళ్లు రావాలట. "నువ్వు చదువు నేర్చుకున్నావుగా అక్కా, వెళ్లు. సూపర్‌వైజరు ఉద్యోగం ఇస్తారు. మమ్మల్ని తిట్టడానికి ఎలాగూ నీకు అనుభవం ఉంది."

దాని నెత్తి మీద ఒక్కటిచ్చాను. నవ్వాను కూడా. కానీ ఆ అమ్మాయి వెళ్లాక అన్నం సయించలేదు. పని అక్కర్లేదు అని నా పేరు ఎదురుగా రాసుకుని వెళ్లింది. దాని తప్పేం లేదు, నేను చెప్పిందే రాసింది.

రెండు రోజులు ఆలోచించాను. ఆదివారం మధ్యాహ్నం చెప్పులేసుకుని ఉత్తరం చేల రైతు ఇంటికి బయల్దేరాను. మూడు వీధులు అవతల. మా అత్త కాలం నుంచీ ఆయన చేను నాటేది మేమే. ఆయన ఆకూ వక్కా ఇవ్వని సార్వా లేదు, ఈ ఏడు తప్ప. ఆ మూడు వీధులూ నడవడం నాకు ఎంత కష్టమైందో రాస్తే ఎవరూ నమ్మరు. మధ్యలో ఒకామె, "ఎక్కడికమ్మా ఇంత ఎండలో?" అంటే, "మజ్జిగ తోడుకి" అన్నాను. చేతిలో గిన్నె కూడా లేదు.

ఆయన వరండాలో మందు కొట్టే పంపు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "ఏం మేస్త్రమ్మా, బతికే ఉన్నావా?" అన్నాడు.

"పోతే మీకు కబురు రాకుండా ఉంటుందాండీ?"

ఆయన భార్య కాఫీ తెచ్చింది. గుక్కెడు తాగాను. ఇక ఆలస్యం చేస్తే ధైర్యం పోతుందని గ్లాసు కింద పెట్టి అడిగేశాను. "ఊడ్పులు ఎప్పుడు పెట్టుకుంటున్నారండీ? మేం వస్తాం."

ఆయన స్పానరు పక్కన పెట్టాడు. "మీరున్నారా? మీ వాళ్లంతా రొయ్యలకి వెళ్లిపోయారు కదా."

"ఎవరన్నారండీ?"

"ఎవరనాలి? పొద్దున్నే వ్యాను నిండా మన ఊరి ఆడవాళ్లే కనిపిస్తుంటే."

"అందులో నేను కనిపించానా?"

"ఏమో, అందరూ ముసుగులేసుకునే ఉంటారుగా. నాకేం తెలుసు!"

తర్వాత చెప్పాడు. పదిహేను రోజులుగా మనుషుల కోసం తిరగని ఊరు లేదట. అవనిగడ్డ వెళ్లాడు, నాగాయలంక వెళ్లాడు, ఎక్కడా ముఠా దొరకలేదు. ఆకుమడిలో పోసిన నారు ముదిరిపోతోంది. చివరికి బెంగాలు నుంచి వచ్చిన మగవాళ్ల ముఠాకి మొన్ననే మాట ఇచ్చాడు. ఎకరాల లెక్కన నాటేసి వెళ్లిపోతారు. చుట్టుపక్కల రైతులు కూడా వాళ్లకే చెప్పుకున్నారు.

"మా ఇంటికి ఒక్క కబురు పెట్టకపోయారా బాబూ? మూడు వీధులేగా."

"నువ్వు పెట్టకపోయావా? అవే మూడు వీధులు."

కోపంగా అనలేదు ఆయన. నిజంగానే అడిగాడు. ఊళ్లో మనుషులు లేరని ఆయన ఊళ్లు తిరిగాడు. పిలిచేవాళ్లు లేరని నేను అరుగు మీద కూర్చున్నాను. మా అత్త పెట్టిన నియమం ఆవిడ రోజుల్లో మమ్మల్ని కాపాడింది. ఒక్కో గుమ్మానికీ ముగ్గురు రైతులు వచ్చే రోజులవి. ఆ రోజులు పోయాయని నాకు ఎప్పుడో తట్టాల్సింది, తట్టలేదు.

మాట వెనక్కి తీసుకోమని ఆయన్ని అడగలేదు. ఇచ్చిన మాట ఎవరికిచ్చినా మాటే. వాళ్లు కూడా ఊరు వదిలి పని వెంట వచ్చినవాళ్లే. గుడివాడ బస్సెక్కిన మాకూ వాళ్లకీ తేడా ఏముంది, దూరం తప్ప.

ఇంటికి వచ్చేసరికి తోడికోడలు గుమ్మంలో బియ్యం ఏరుతోంది. జరిగిందంతా చెప్పాను.

"అడిగావా? నువ్వే? నోటితో?" అంది. చేట ఆగిపోయింది.

"అడిగాను."

"పది రోజుల ముందు అడిగుంటే అక్కా..."

తర్వాత మాట అనలేదు. అనకపోవడం దాని స్వభావం కాదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది. కాసేపటికి అదే మళ్లీ, "పోనీ ఈ ఏడు షెడ్డుకి వెళ్లను, ఇంకెవరన్నా పిలుస్తారేమో చూద్దాం" అంది. నా మొహం చూసి అన్న మాట. సరే, ఉండిపో అనాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఉండిపోయేది కూడా. దాని కూతురు బందరులో నర్సింగు చదువుతోంది, నెలనెలా చేతిలో పని ఉండాలి.

"సీటు పోగొట్టుకోకు" అన్నాను. "షెడ్డులో చలట. లోపల పాత చొక్కా వేసుకుని వెళ్లు."

"అక్కడ నీ తిట్లు లేకపోతే నిద్ర వస్తుందేమో."

"నిద్రపోతే వేలు కోసుకుంటావు. జాగ్రత్త."

సోమవారం వ్యాను ఎక్కింది. నేను లోపలే ఉన్నాను. హారను వినపడింది.

బెంగాలు ముఠా నాలుగు రోజుల్లో ఉత్తరం చేలు నాటేసింది. నేను గట్టు మీద నుంచి ఒకసారి చూశాను. బాగానే నాటారు. తాడు పట్టి వరసలు తీశారు. నాకు వంక పెట్టాలని ఉంది గానీ వంక దొరకలేదు.

వాళ్లు వెళ్లిన మూడో రోజున రైతు ఫోను చేశాడు. ఆకుమడి మిగిలిపోయిందట. నారంతా పీకి చేలకి పంపాక ఆ మడిని ఎప్పుడూ ఆఖర్న నాటుతాం. ఆ చిన్న మడి కోసం వాళ్లు ఆగలేదు. "ఒక్క పూట పని. నీకు చేతనైతే చెయ్యి మేస్త్రమ్మా, లేకపోతే వదిలేస్తా" అన్నాడు. చేతనవుతుందన్నాను.

తెల్లారాక వెళ్లాను. మిగిలిన నారులో రెండు కట్టలు మడిలో విసురుకుని, చీర ఎగదోపుకుని దిగాను. బురద పిక్కల దాకా వచ్చింది. చల్లగా ఉంది. ఊడ్పుల్లో ఒక్కో మనిషికి చెయ్యి అందినంత వెడల్పు పట్టె. ఎడమ నుంచి కుడికి ఆరు కుదుళ్లు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ఆరు. అవతలది పక్క మనిషి చూసుకుంటుంది. తల ఎత్తే పని లేదు. నాకు నడుం నొప్పి కూడా తెలియలేదు. రొయ్యల చెరువుల మీంచి గాలి వస్తోంది, అందులో సముద్రం వాసన ఉంది. ఏదో ఒకటి అనుకుంటూ, నాలో నేనే మాట్లాడుకుంటూ వెనక్కి జరిగాను.

మడమకి గట్టు తగిలాక లేచి నిలబడ్డాను. నేను నాటిన పట్టె పచ్చగా, తిన్నగా ఉంది. ఎడమ పక్కన ఇంకా నాటని నేల ఉంది, అది తర్వాత చూడాల్సిందే. కుడి పక్కన, గట్టుకీ నా పట్టెకీ మధ్య, సరిగ్గా ఒక మనిషి పట్టేంత నీళ్లు ఖాళీగా ఉన్నాయి. అటు చివర నుంచి ఇటు చివర దాకా. దిగేటప్పుడే అంత వదిలి దిగాను, నాకు తెలియకుండానే.

తర్వాత అవతలి గట్టు దాకా నడిచి వెళ్లి, ఇంకో కట్ట విప్పుకుని, ఆ పట్టెలో దిగాను.